పది డిగ్రీల ఇళ్లు

మా వైపు మగవాళ్లను ఏదైనా అడిగితే, అడిగినదానికి మాత్రమే జవాబొస్తుంది. అంతకు మించి ఒక్క ముక్క రాలదు. ముప్పై ఏళ్లుగా ఈ రోడ్డు పక్కన కొట్టు నడుపుతున్నాను. పెట్రోలు, రొట్టె, కాఫీ, గాలాలు, పోస్టు పార్శిళ్లు, అన్నీ నా దగ్గరే. వచ్చినవాడి బూట్ల చప్పుడు విని ఎవరో చెప్పగలను గానీ, వాడి మనసులో ఏముందో మాత్రం ఏనాడూ రాబట్టలేకపోయాను. బతికున్నన్నాళ్లూ మా ఆయన దగ్గరే నా పప్పులు ఉడకలేదు, ఇక ఊళ్లోవాళ్ల సంగతి చెప్పాలా? అందులోనూ తౌనో సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తౌనో ఉండేది హౌకియార్వి అనే సరస్సు ఒడ్డున, ఒంటరిగా. వయసు అరవై ఆరు. కలప కోత మిల్లు మూతపడేదాకా అందులో మెకానిక్కుగా పనిచేశాడు. సరస్సు చుట్టూ ఇంకో పదకొండు ఇళ్లున్నాయి గానీ అవన్నీ పట్నంవాళ్ల వేసవి ఇళ్లు. జూన్‌లో పిల్లాపాపలతో దిగుతారు. ఈదుతారు, గాలాలు వేస్తారు, చీకటి పడని ఆ రాత్రుల్లో పాటలు పాడి మా నిద్ర చెడగొడతారు. సెప్టెంబరు రాగానే పడవలు బోర్లించి, తాళాలు తౌనో చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఇక మే నెల దాకా ఆ సరస్సు మొత్తానికి మనిషంటే తౌనో ఒక్కడే.

తాళాలు ఊరికే ఇవ్వరు. ఆ ఇళ్లన్నిటికీ హీట్‌పంపులున్నాయి. బయట ఎంత చలిగా ఉన్నా ఆ గాలిలో మిగిలిన కాస్త వేడిని లాగి ఇంట్లోకి పంపిస్తాయవి. గోడకు లోపలివైపు ఒక పెట్టె, బయటివైపు ఫ్యానున్న పెద్ద పెట్టె. చలికాలానికి వాటిని సిద్ధం చేయడం తౌనో పని. లోపలి పెట్టె మూత తెరిచి, వేసవంతా పట్టిన దుమ్ము పోయేలా జాలీలు కడుగుతాడు. బయటి పెట్టె రేకుల సందుల్లో ఇరుక్కున్న పైన్ సూదుల్నీ బిర్చి ఆకుల్నీ మెత్తని బ్రష్షుతో తీస్తాడు. పెట్టె మీద పేరుకునే మంచు అప్పుడప్పుడూ కరిగి కిందున్న పళ్లెంలోకి కారుతుంది. ఆ నీళ్లు అక్కడే గడ్డకట్టకుండా పళ్లెంలో ఒక వేడి తీగ ఉంటుంది. అది పనిచేస్తోందో లేదో చేత్తో పట్టుకుని చూస్తాడు. ఆఖరున రిమోట్ తీసి పది డిగ్రీలకు పెడతాడు. మనుషుల్లేని ఇంటికి పది చాలు. పైపుల్లో నీళ్లు గడ్డకట్టవు, గోడలకు చెమ్మ పట్టదు. తర్వాత తాళం వేసి ఇంకో ఇంటికి నడుస్తాడు.

చలికాలమంతా వారానికోసారి స్కీలు తొడుక్కుని ఆ ఇళ్లన్నీ చుట్టి వస్తాడు. తలుపు తీయడం, లోపల పది ఉందో లేదో చూడడం, తలుపు వేయడం.

"ఎవరూ లేని ఇళ్లలోకి అలా వెళ్లి రావడం దిగులుగా ఉండదూ?" అని ఒకసారి అడిగాను.

"ఉంటుంది" అన్నాడు.

ఇంకేమన్నా చెప్తాడేమోనని చూశాను. కాఫీ తాగేసి, కప్పు తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సైమి ఇల్లు తౌనో ఇంటికి సరిగ్గా ఎదురుగా, అవతలి ఒడ్డున ఉంటుంది. పెద్దమ్మ పోతూ ఆమెకిచ్చిన ఇల్లది. సైమి కుయోపియో పట్నంలో బడి వంటశాలలో పనిచేసి రిటైరైంది. మొగుడితో ఎప్పుడో విడిపోయింది, పిల్లల్లేరు. కొన్నేళ్లుగా ప్రతి వేసవీ ఇక్కడే. పొద్దున్నే ఇద్దరూ ఒకే పడవలో వెళ్లి వలలు ఎత్తుతారు. శనివారాలు సైమి తన సౌనా కాస్తుంది. ఆవిరి స్నానానికి మొదట ఆమె వెళ్తుంది, ఆమె వచ్చాక అతను. తర్వాత వరండాలో రై పిండిలో దొర్లించి వేయించిన చిన్న చేపలూ, కొత్త బంగాళాదుంపలూ. అంతసేపూ ఏం మాట్లాడుకుంటారని అడిగితే సైమి నవ్వింది.

"వల చిరిగిందంటాడు. నేనూ చూశానంటాను. బాగానే గడిచిపోతుంది."

ఆ నవ్వు చూశాక నేను అడగడానికేం మిగల్లేదు. ఊరు మొత్తానికి తెలుసు. తెలియనిది తౌనో ఒక్కడికే అనుకున్నాను. అక్కడే నేను పొరబడ్డాను.

పోయిన ఏడు ఆగస్టులో సైమి కొట్టుకొచ్చింది. సరుకులు సంచిలో సర్దుకుంటూ, నా మొహంలోకి చూడకుండా అంది.

"ఈ చలికాలం వెళ్లకుండా ఇక్కడే ఉండిపోదామనుకుంటున్నా, రౌహా."

"ఉండిపో. నిన్నెవరాపారు?"

"ఆపడం కాదే. అక్కడ నాది నాలుగో అంతస్తు. లిఫ్టులో ఎవరైనా ఎక్కితే అందరం ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటూ దిగుతాం. పోయిన క్రిస్మస్ తర్వాత నాతో మాట్లాడిన గొంతేదైనా ఉందంటే బ్యాంకు ఫోన్లో మిషనుదే. దానికి నేను ధన్యవాదాలు కూడా చెప్పాను తెలుసా?"

"మరింకేం ఆలోచన? వచ్చెయ్."

"ఉండమని ఎవరైనా అనాలి కదా" అంది. నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వనక్కర్లేదులే. నువ్వు కాదు."

"నీకంత బిడియమైతే తౌనోతో నేను చెప్తా."

"చెప్పావంటే నీ కొట్టు గడప తొక్కను."

చెప్పలేదు. మా దగ్గర ఒకరి సంగతిలో ఇంకొకరు వేలు పెట్టరు. ఎవరిష్టం వాళ్లది. వెళ్లేవాళ్లను ఆపకూడదు, ఉండేవాళ్లను పొమ్మనకూడదు. నోరు తెరిచి ఉండమంటే, అది కూడా మనిషిని చెయ్యి పట్టుకుని లాగడమే అనుకుంటాం. ఇదీ మా మర్యాద. ఈ మర్యాదను అడ్డం పెట్టుకుని మేం ఎంతమంది మనుషుల్ని చేజార్చుకున్నామో లెక్కలేదు.

సెప్టెంబరులో సైమి తౌనోతో అంది, ఈసారి పంపును పది డిగ్రీలకు కాదు, మనిషి ఉండేలా సిద్ధం చేసిపెట్టమని.

అంతే. ఆ మనిషికి ఎక్కడలేని హుషారొచ్చింది. మిగతా ఇళ్ల పని చకచకా ముగించి సైమి ఇంటి మీద పడ్డాడు. ఆ ఇంటి బయటి పెట్టెకు చుట్టూ ఒక చెక్క గూడు ఉండేది. తెల్ల రంగేసి, పైకప్పు పెట్టి, పలకల్లో పూలు చెక్కించి పెద్దమ్మ ముచ్చటపడి చేయించుకున్నది. ఇక్కడ చాలామంది అలాగే చేయిస్తారు, ఇనప పెట్టె కంటికి నదరుగా లేదని. తౌనో దాని చుట్టూ ఒకసారి తిరిగి స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

"అయ్యో, అంత అందమైనదాన్ని!" అంది సైమి.

"అందంగానే ఉంది. పంపుకి మాత్రం ఊపిరాడదు. వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటుంది."

"మా పెద్దమ్మ ఉండుంటే నిన్ను సరస్సులో తోసేది."

"ఒకసారి తోసింది" అన్నాడు తౌనో. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆ ఎందుకో తెలుసుకోలేకపోయానని సైమి ఇప్పటికీ బాధపడుతుంది.

పెట్టె నేలకు మరీ దగ్గరగా ఉందని, జనవరి మంచులో కూరుకుపోతుందని, ఇనప కమ్మీలు కోసి ఎత్తయిన స్టాండు చేసి దాని మీద నిలబెట్టాడు. ఇంటి కప్పు అంచు నుంచి కారే నీళ్లు ఫ్యాను మీద పడకుండా పైన వాలుగా రేకు బిగించాడు. పళ్లెంలో కొత్త వేడి తీగ పరిచాడు. లోపలి గాలి మంచం మీదికి కొట్టకుండా తలుపు వైపు వెళ్లేలా తిప్పాడు. అన్నీ అయ్యాక, పంపును ఫోన్లోంచి నడుపుకునేలా ఒక చిన్న పరికరం కూడా అమర్చాడు.

"పొద్దున్నే లేవక్కర్లేదు, దుప్పట్లోంచే పెంచుకోవచ్చు" అని చూపించాడు. అక్కడితో ఆగొచ్చుగా! "పట్నంలో ఉన్నా నీకు కనబడుతుంది" అని కూడా అన్నాడు. ఆ చివరి మాట సైమికి ముల్లులా గుచ్చుకుందట.

ఆ రోజుల్లో తౌనో మేకులకూ బోల్టులకూ రోజు విడిచి రోజు కొట్టుకొచ్చేవాడు. "సైమి పంపు ఇంకో పదేళ్లు నడుస్తుంది" అన్నాడొకసారి. నేనేమీ అడగలేదు. అడక్కుండా అతని నోట ఒక పూర్తి వాక్యం రావడం చూసి, చిల్లర లెక్క తప్పాను. ఆ పదేళ్లూ సైమి ఇక్కడే ఉంటుందని మనసులో కట్టేసుకున్నాడని, ఆ ఊహకే మనిషి వెలిగిపోతున్నాడని నాకు అర్థమైంది. సంతోషమేసింది. కొంచెం అసూయ కూడా వేసింది, అబద్ధమెందుకు.

ఈ హడావుడిలో తన ఇంటి సంగతి గాలికొదిలేశాడు. అతని పంపు పళ్లెంలో వేడి తీగ ఎప్పుడో పోయింది. చూద్దాంలే అనుకున్నాడు. కట్టెల పొయ్యికి పొగగొట్టం పగిలింది, బాగు చేయించేదాకా వెలిగించొద్దని గొట్టాలు ఊడ్చేవాడు గట్టిగా చెప్పి వెళ్లాడు. అదీ వసంతంలో చూద్దాంలే అనుకున్నాడు.

అక్టోబరులో సరస్సు అంచుల్లో సన్నగా మంచు పొర కట్టిన రోజు, పని మొత్తం అయిపోయింది. సైమి కాఫీ పెట్టి, ఏలకుల పొడి వేసిన తియ్య రొట్టె కోసింది. ఎదురెదురుగా కూర్చున్నారు. అప్పుడు అడిగింది.

"ఇంతకీ తౌనో, ఈ చలికాలం నేనిక్కడ ఉండగలనంటావా?"

తౌనో కప్పు కింద పెట్టాడు. చాలాసేపు ఆలోచించాడు.

"మైనస్ ఇరవై దాకా పంపు ఒక్కటే చాలు. ముప్పైకి దిగితే అది ఆనదు, పొయ్యి కూడా వెలిగించాలి. కట్టెలు మోయాలి. చెట్లు విరిగి తీగల మీద పడితే కరెంటు పోతుంది, ఒక్కోసారి రెండు రోజులు రాదు. మంచు తీసే ట్రాక్టరు ఈ దారికి అన్నిటికంటే ఆఖరున వస్తుంది. డిసెంబరులో పగలన్నది పేరుకే."

"అంటే ఉండలేనంటావు."

"ఉండగలవు. కష్టమంటున్నా."

"నువ్వైతే ఏం చేస్తావు?"

"నేను ఇక్కడే ఉంటాను కదా."

"నా స్థానంలో ఉంటే అంటున్నా."

"అది నేనెలా చెప్తాను? నువ్వే తేల్చుకోవాలి."

సైమి కాసేపు రొట్టె ముక్కలు ఏరి పళ్లెంలో ఒక పక్కకు చేర్చింది.

"ఇంకొంచెం కాఫీ పొయ్యనా?"

"పొయ్యి" అన్నాడు.

ఇదంతా సైమి నా కొట్టులో నిలబడి చెప్పినప్పుడు, ఆ పంపు పీకి తౌనో నెత్తిన మొత్తాలన్నాను.

"అతని తప్పేముంది? అడిగాను, చెప్పాడు. అందులో ఒక్క అబద్ధం లేదు" అంది. ముక్కు ఎర్రగా ఉంది. చలికి అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాతి వారమే తౌనోతో, "పదికి పెట్టెయ్" అంది. తౌనో పెట్టేశాడు. ఎందుకని అడగలేదు. ఆమె సంచి మోసుకుంటూ నా కొట్టు ముందు బస్సు దాకా వచ్చి, లోపల పెట్టి, "దారి జారుడుగా ఉంటుంది" అన్నాడు. డ్రైవరుతో అన్నాడో సైమితో అన్నాడో ఇద్దరికీ తెలియలేదు.

బస్సు మలుపు తిరిగిపోయాక కూడా అక్కడే నిలబడ్డాడు. నేను చీపురు పట్టుకుని బయటికొచ్చాను, ఊడ్చడానికేమీ లేకపోయినా.

"ఉండమనాల్సింది" అన్నాను.

జవాబు లేదు. నేనడిగింది ప్రశ్న కాదు మరి.

చలికాలం దిగింది. మధ్యాహ్నం మూడింటికే చీకటి. మంచు కప్పేశాక ఆ సరస్సు వైపు నుంచి ఏ చప్పుడూ రాదు. మిగతా ఇళ్లవాళ్లకు తౌనో అప్పుడప్పుడూ ఫోన్ చేసి ఇల్లు క్షేమమని చెప్పేవాడు. సైమికి చెప్పడానికి అదీ లేకుండా పోయింది. తను అమర్చిన పరికరమే ఆమెకు కుయోపియోలో అంతా చూపించేస్తోంది. ఫోన్ చేసి ఏమనాలి? అలా చలికాలం సగం గడిచేదాకా ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఆమె రోజూ పొద్దున్నే ఫోన్లో ఆ పది అంకె చూసుకునేదట, అతను వారానికోసారి వెళ్లి గోడ మీద అదే అంకె చూసేవాడు. మిగతా ఇళ్లలో గుమ్మం దగ్గర నిలబడే పని ముగించేవాడు. సైమి ఇంట్లో మాత్రం బూట్లు విప్పి, బల్ల దగ్గర కాసేపు కూర్చునేవాడట, కోటు గుండీలు పైదాకా పెట్టుకుని. పది డిగ్రీల్లో కోటు విప్పి కూర్చోలేం కదా.

జనవరిలో మైనస్ ముప్పై నాలుగు పడింది. తీగ పనిచేయని పళ్లెంలో నీళ్లు గడ్డకట్టి, ఆ మంచు పైకి పెరిగి పెరిగి, తౌనో ఇంటి బయటి పెట్టెలో ఫ్యానును పట్టుకుంది. రెక్క విరిగింది. కొత్త ఫ్యాను రావడానికి నెల పైనే పడుతుందన్నారు. పొయ్యి వెలిగించకూడదు. గోడలకున్న పాత కరెంటు హీటర్లు పంపు పెట్టించిననాడే పీకేశాడు. ఈ సంగతులు మాకెవరికీ తెలియదు, అతను చెబితే కదా. నేను పట్టుకున్నది సాసేజీల వల్ల.

"ఏం తౌనో, ఇన్ని సాసేజీలు? పెళ్లి విందా?"

"కాదు."

"మరెందుకు?"

"సౌనా పొయ్యి మీద ఇవే కుదురుతాయి."

"ఇంట్లో పొయ్యేమైంది?"

"గొట్టం పగిలింది."

"పంపుంది కదా?"

"ఫ్యాను విరిగింది."

"మరి ఎక్కడ పడుకుంటున్నావయ్యా?"

"సౌనాలో."

ఒక్కో ముక్కా పన్ను పీకినట్టు పీకాల్సొచ్చింది. సౌనా అంటే స్నానానికి వేడెక్కించుకునే చెక్క గది. బల్ల మీద కాళ్లు చాపుకునే చోటు కూడా ఉండదు. పొయ్యి చల్లారిన ప్రతిసారీ లేచి కట్టెలు వేయాలి. మనిషి దగ్గర పొగ వాసన కొడుతోంది. కళ్లు గుంటలు పడ్డాయి.

"పదకొండు ఇళ్ల తాళాలు జేబులో పెట్టుకుని సౌనాలో పడుకుంటావా? బుద్ధుందా నీకు? ఏదో ఒక ఇంట్లో వేడి పెంచుకుని పడుకోకూడదూ?"

"అవి నా ఇళ్లు కావు."

"అడిగితే ఎవరన్నా కాదంటారా?"

"అనరు."

"మరి అడగవేం?"

టోపీ చేతుల్లో తిప్పాడు.

"పోనీ మా ఇంటికి రా. మేడ మీద గది ఖాళీగానే ఉంది."

"నీళ్లకని సరస్సు మంచులో కన్నం కొట్టాను. రోజూ చూడకపోతే మూసుకుపోతుంది" అని సాసేజీల సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకోగానే సైమికి ఫోన్ చేశాను. మా మర్యాదను ఆ పూటకి పొయ్యిలో పడేశాను. అంతా విని "ఊఁ" అని పెట్టేసింది. వీళ్లిద్దరూ ఒకళ్లకొకళ్లు సరిగ్గా సరిపోయారని తిట్టుకున్నాను.

తర్వాత రెండో రోజు మధ్యాహ్నం, బస్సు వేళకు ముందే తౌనో కొట్టులోకొచ్చాడు. బూట్ల చప్పుడు అతనిదే, మనిషినే చటుక్కున గుర్తుపట్టలేదు. గడ్డం గీసుకున్నాడు. కోటు కింద ఉతికిన చొక్కా. దువ్విన తల మీద నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి.

"ఏంటి విశేషం?"

"బస్సు కోసం."

"ఎవరొస్తున్నారు?"

"సైమి."

కాఫీ గిన్నె కింద పెట్టేశాను. "ఫోన్ చేసిందా?"

"లేదు. నిన్నటి నుంచి ఆమె ఇంటి పంపు గట్టిగా తిరుగుతోంది. మా ఒడ్డుదాకా వినబడింది. చలి కూడా కాస్త తగ్గింది, వెళ్లి చూస్తే లోపల ఇరవై ఒకటి. వచ్చేసరికి ఇల్లు వేడెక్కాలనే కదా ముందు రోజే ఫోన్లోంచి పెంచేది." ఆగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. "వాకిట్లో మంచు తీశాను. రోడ్డు దాకా తీశాను. గుమ్మంలో కాళ్లు తుడుచుకోడానికి పచ్చి స్ప్రూస్ కొమ్మలు పరిచాను. కట్టెలు లోపల పెట్టాను. బస్సు దిగాక ఆమె సంచి మంచు మీద జారే స్లెడ్జి బండిలో లాక్కుపోతాను. నడవడానికి ఇబ్బంది ఉండదు."

ఇన్ని మాటలు, నేను అడక్కుండానే. ఆ మొహం చూస్తే, వస్తుందనే నేనూ నమ్మేశాను. ఆ నమ్మకంతోనే బయటికి వెళ్లి అతని పక్కన నిలబడ్డాను.

బస్సొచ్చింది. డ్రైవరు కిందికి దిగి రెండు పార్శిళ్లు నా చేతిలో పెట్టాడు. తౌనో ముందు తలుపు చూశాడు, వెనక తలుపు చూశాడు, తర్వాత మెల్లగా బస్సు పక్కనే నడుస్తూ కిటికీలన్నీ చూసుకుంటూ వచ్చాడు. లోపల ఎవరూ లేరు. డ్రైవరు ఏంటన్నట్టు చూసి, తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

నేను లోపలికి పరిగెత్తి సైమికి ఫోన్ కలిపాను.

"నేను రావడమేంటి?" అంది. "ఆ వేడి తౌనోకే. వెళ్లి అందులో ఉండమని చెబుదామని నిన్నటి నుంచి అతని నంబరు నొక్కి ఆపేస్తున్నాను. ముందు ఇల్లు వేడెక్కనిద్దామని... బస్సు దగ్గరికొచ్చాడా?"

"వచ్చాడు. గడ్డం గీసుకుని వచ్చాడు" అన్నాను.

బయటికెళ్లి ఆ సంగతి తౌనోతో చెప్పాల్సింది నేనే. నా బతుకులో అంత కష్టమైన మాట మా ఆయన పోయినప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు.

"సైమి రావట్లేదు, తౌనో. నువ్వు చలిలో పడుంటున్నావని నేనే చెప్పాను. నువ్వుంటావనే ఆ ఇల్లు వేడి చేసింది."

"నాకా?"

"నీకే."

ఖాళీ స్లెడ్జి వైపు చూశాడు. కాసేపటికి తాడు అందుకున్నాడు.

"పోనీలే. దారైతే శుభ్రంగా ఉంది" అన్నాడు.

ఇక్కడి నుంచి జరిగింది నేను చూసింది కాదు. సగం సైమి చెప్పింది, సగం తౌనోను అడిగి తెలుసుకున్నాను. ఇద్దరు చెప్పినదాంట్లోనూ ఒక్క మాట తేడా లేదు.

తను పరిచిన కొమ్మల మీద తనే కాళ్లు తుడుచుకుని లోపలికెళ్లాడు. ఆ చలికాలంలో ఆ ఇంట్లో మొదటిసారి కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. దీపం వేయబుద్ధి కాలేదు. బల్ల దగ్గర సైమి కుర్చీలో కూర్చుంటే, కిటికీలోంచి సరస్సూ అవతలి ఒడ్డూ కనబడ్డాయి. తన ఇల్లు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇన్నేళ్లుగా వేసవి చివర చీకటి పడ్డాక ఆమె ఇక్కడ కూర్చుని చూసినప్పుడల్లా ఆ చోట ఒక దీపం ఉండేది. ఇప్పుడక్కడ అడవికీ ఇంటికీ తేడా తెలియడం లేదు. అంత వెచ్చని గదిలో కూర్చుని, తన బతుకు దూరం నుంచి ఇలా ఉంటుందా అనుకున్నాడట.

అప్పుడు ఫోన్ మోగింది.

"వెచ్చగా ఉందా?" అంది సైమి.

"ఇరవై ఒకటుంది."

"అది నాకూ కనబడుతోంది. నీకు బాగుందా అని అడుగుతున్నా."

తౌనో ఆలోచించాడు. "బాలేదు" అన్నాడు.

"ఏం? పంపు సరిగ్గా..."

"పంపు బాగుంది. నువ్వు లేవు."

అక్కడ కుయోపియోలో సైమి పొయ్యి కట్టేసి, వంటింట్లో ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చుంది.

"ఆ రోజు నేనడిగింది పంపు గురించి కాదు, తౌనో."

"తెలుసు."

"తెలుసా?"

"అప్పుడే తెలుసు. ఉండమనాలని నోటిదాకా వచ్చింది. నేనంటే, నువ్వు నా మాట మీద ఉంటావు. తర్వాత చలికి, చీకటికి నువ్వు బాధపడితే అది నావల్లే. అందుకని ఉన్న కష్టాలన్నీ ముందే చెప్పేశాను. అవన్నీ విన్నాక కూడా ఉంటానంటావేమోనని చూశాను."

"నేను అనలేదు" అంది సైమి మెల్లగా.

"అనలేదు."

తర్వాత సైమి చెప్పింది. ఆ నాలుగ్గోడల మధ్య ఉండలేక కొత్త సంవత్సరం నుంచి మళ్లీ బడి వంటశాలలో చేరింది. అక్కడి వంటావిడ పురిటికి వెళ్లింది. బడి మూసేదాకా, అంటే మే ఆఖరుదాకా వండిపెడతానని మాటిచ్చేసింది.

"ఈ చలికాలానికి ఇక రాలేను" అంది.

"సరే. మా ఫ్యాను వచ్చే నెలలో వస్తుంది. బిగించుకోగానే ఇక్కడ మళ్లీ పదికి పెట్టి తాళం వేసేస్తాను."

"వెయ్యకు."

"ఫ్యాను వచ్చాక నాకు ఇల్లుంది కదా."

"ఉంటే ఉండనీ. నువ్వు అక్కడే ఉండు."

తౌనో ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"వినబడిందా? ఉండు, తౌనో. నేను వచ్చేదాకా ఆ ఇంట్లోనే ఉండు."

"వినబడింది" అన్నాడు.

అరవై ఆరేళ్లలో తననెవరైనా ఉండమనడం అదే మొదటిసారని తౌనో నాతో అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ చీకట్లో, ఆమె కుర్చీలోనే కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత లేచి దీపం వేశాడు. మే నెల ఇంకా చాలా దూరంలో ఉంది.